తాడు లాగుతుంది గాని ఆపదు



ఈ నెల మన మాట పాత కారును గూర్చి. సంఘకాపరికి కార్లతో ఏమి పని అని మీరు అనుకోవచ్చును. అయితే ఈ మధ్య మన గ్రామ సంఘములలో ఒక సంగతి చూస్తున్నాను. రూపాయి రూపాయి కూడబెట్టుకొని పాత కారు కొనుక్కొనే కుటుంబములు పెరిగాయి. ఇది డాంబికము కోసము కాదు. ముసలి తల్లిని ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి, నడవలేని తండ్రిని ఆదివారము ఆరాధనకు తేవాలి, వర్షములో పిల్లలను పరీక్షకు దింపాలి. ఇది మంచి కోరికే.

అటువంటి కార్లు మన విశాఖపట్నంలో చాలా దొరుకుతాయి. పోర్టులోను, ఉక్కు కర్మాగారములోను, షిప్‌యార్డులోను, రిఫైనరీలోను పని చేసినవారు ఒకప్పుడు ఇష్టపడి కొనుక్కొన్న బండ్లు అవి. ఉద్యోగ విరమణ తరువాత ఇంటి ముందు రేకుల షెడ్డు క్రింద ఉండిపోతాయి. మారుతి 800 తయారీ 1983లో మొదలై 2014 జనవరిలో ఆగిపోయింది. అంబాసిడర్ కూడా ఆ సంవత్సరమే ఆగిపోయింది. అయినా ఆ బండ్లు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

కారు కొనేటప్పుడు సలహా చెప్పేవారు ఊరంతా ఉంటారు. దానిని ఇంటికి ఎలా తేవాలో చెప్పేవారు మాత్రము తక్కువ. రెండు మూడు సంవత్సరములు కదలకుండా నిలిచిన కారు తాళము తిప్పగానే బయలుదేరదు. బ్యాటరీ చచ్చిపోతుంది. టైర్లు ఒకే వైపు అణగిపోతాయి. సముద్రపు ఉప్పు గాలికి అడుగున రేకు తుప్పు పడుతుంది, బ్రేకులు పట్టుకుపోతాయి. అప్పుడు మన మనస్సులోకి వచ్చే మొదటి ఆలోచన ఏమిటి? “ఒక తాడు కట్టి ట్రాక్టరుతో లాగించుకొని పోదాము, ఖర్చు ఉండదు” అని. ఆ ఆలోచనను గూర్చియే ఈ నెల మాట్లాడుకొందాము.

లెక్క ఇంటి గుమ్మము వరకు వేయాలి

లూకా సువార్త 14వ అధ్యాయములో ప్రభువు గోపురము కట్టదలచిన మనుష్యుని గూర్చి చెప్పారు. పునాది వేయక ముందే కూర్చుండి, ముగించుటకు సరిపడినంత ఉన్నదా లేదా అని లెక్క చూచుకొనుట బుద్ధిగల పని అని ఆయన ఉద్దేశము. కారు విషయములో పునాది బేరము. ముగింపు కారు మన గుమ్మము ముందు నిలుచుట. మనలో అనేకులు బేరము వరకే లెక్క వేస్తారు.

మాటవరసకు మీ చేతిలో 80,000 రూపాయలు ఉన్నాయనుకోండి. మొత్తము పెట్టి కారు కొంటే మీరు కొన్నది ఇనుము మాత్రమే. 55,000 మించకుండా బేరము ఆడి, మిగిలిన 25,000 వేరే కవరులో పెట్టుకోవాలి. తెచ్చుటకు, కాగితములకు, బ్రేకులకు, టైర్లకు అది సరిపోవాలి. ఆ కవరు ముందు కట్టి తరువాత బేరమునకు వెళ్లండి, వెనుక కాదు.

కాగితముల సంగతి కూడా చెప్పాలి. సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు ముగుస్తుంది. తరువాత తనిఖీ చేయించి 5 సంవత్సరములకు ఒకసారి పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుండి 5,000 అయినది. 20 సంవత్సరములు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. రిజిస్ట్రేషను ముగిసిన కారు చవకగా వస్తున్నదంటే ఆ చవకదనము ఎక్కడ నుండి వచ్చినదో ఇప్పుడు మీకు తెలుస్తుంది. అమ్మినవారు 14 రోజులలోను, కొన్నవారు 30 రోజులలోను రవాణా కార్యాలయమునకు తెలియజేయాలి. అందుకు ఫారము 29, ఫారము 30 ఉన్నాయి. పాత అప్పు ఏదైనా బండి మీద ఉంటే అది తీరినట్లు ఫారము 35 తెచ్చుకోవాలి. ఇన్సూరెన్సు కంపెనీకి 14 రోజులలో తెలియజేసి పేరు మార్పించుకోవాలి. ఇతరులకు జరిగే నష్టమునకు చేయవలసిన ఇన్సూరెన్సు చట్టప్రకారము తప్పనిసరి. చిన్న కార్లకు, అనగా 1000 సీసీ లోపు వాటికి, 2022లో నిర్ణయించిన ధర సంవత్సరమునకు 2,094 రూపాయలు, పన్ను అదనము. ఈ కాగితములు లేని బండిని రోడ్డు మీదికి తేకూడదు. లారీ మీద ఎక్కించి తేవచ్చును.

మంచి సమరయుని కథ మనకు కంఠతా వచ్చును. ఆయన జాలిపడుటతో ఆగిపోలేదు. గాయపడినవానిని తన వాహనము మీద ఎక్కించుకొన్నాడు, బసకు తెచ్చాడు, రెండు దేనారములు లెక్కగా ఇచ్చాడు, ఎక్కువైతే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. ప్రేమకు కూడా లెక్క ఉన్నది. దారి ఖర్చు ఎంచని ప్రేమ దారిలోనే ఆగిపోతుంది.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

చోడవరం అవతల ఒక గ్రామములో విశ్వాసుల కుటుంబము ఒకటి ఉన్నది. చెరకు రైతులు. ఇంటి పెద్దావిడను నెలకు రెండుసార్లు విశాఖలోని కింగ్ జార్జి ఆసుపత్రికి తీసుకొని రావాలి. ఆటో, బస్సు, మరల ఆటో. ఆమె బాధ చూడలేక గాజువాక వైపు ఒక పాత మారుతి కారు కొన్నారు. అది కదలదు. ఊరు 50 కిలోమీటర్ల దూరము.

అందరూ కలిసి ఒక ఏర్పాటు చేసుకొన్నారు. బావమరిది ట్రాక్టరు తెస్తాడు. రాత్రి పది దాటిన తరువాత బయలుదేరితే రద్దీ ఉండదు, ఆపేవారూ ఉండరు. తాడు ఇంటిలోనే ఉన్నది. ఆ ఇంటి పెద్ద నాతో, “అయ్యగారూ, క్షేమముగా చేరాలని ప్రార్థన చేయండి” అన్నాడు.

అప్పుడు అతని భార్య వంటింటి గుమ్మములో నిలువబడి అడిగినది: “అంతా బాగానే ఉన్నాదండీ. ఎనక కారులో ఎవరు కూకుంటారు?”

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. చిన్న కుమారుడు కూర్చుంటాడని అప్పటికే అనుకొని ఉన్నారు. వాడికి 17 సంవత్సరములు. ట్రాక్టరు తోలడము వచ్చును. లైసెన్సు లేదు. “ఊరికే స్టీరింగు పట్టుకోవడమే గదా అక్కా” అన్నాడు ఆ మేనమామ.

“ఊరికే అయితే నువ్వే కూకో తమ్ముడూ” అన్నదామె.

ఆ మాటతో ఏర్పాటు మారిపోయినది. కారును ముందు దగ్గరలో ఉన్న మెకానిక్కు షెడ్డుకు, ఒక కిలోమీటరు కంటే తక్కువ దూరము, పగటి వేళ, ఇనుప రాడ్డు కట్టి మెల్లగా తరలించారు. లైసెన్సు ఉన్న పెద్ద కుమారుడు వెనుక కూర్చున్నాడు. షెడ్డులో చక్రములు విప్పి చూస్తే వెనుక రెండు బ్రేకులు తుప్పుతో పట్టుకుపోయి ఉన్నాయి. ముందు బ్రేకులకు వెళ్లే గొట్టము కారి నూనె దాదాపు అయిపోయినది. ఆ రాత్రి ఆ పిల్లవాడు ఆ కారులో కూర్చుంటే వాడి కాలి క్రింద ఆపే సాధనము లేనట్లే.

వెనుక బండిలో ఏమి జరుగుతుంది?

ఈ సంగతి యౌవనస్థులు జాగ్రత్తగా చదవండి. తాడు లాగుతుంది గాని ఆపదు. ముందు ట్రాక్టరు గేదె అడ్డము వచ్చి ఆగినదనుకోండి. తాడు సడలిపోతుంది, వెనుక కారు తన వేగముతో వచ్చి ట్రాక్టరుకు గుద్దుకొంటుంది. దానిని ఆపవలసినది వెనుక కూర్చున్నవాని కాలు మాత్రమే.

ఆ కాలికి రెండు కష్టములున్నాయి. చాలా కార్లలో బ్రేకుకు ఇంజను బలము తోడవుతుంది. ఇంజను ఆగి ఉంటే ఒకటి రెండుసార్లు నొక్కిన తరువాత పెడలు రాయిలాగా గట్టిపడుతుంది. ఎన్నో రెట్లు బలముగా తొక్కాలి. పవర్ స్టీరింగు ఉన్న బండి అయితే స్టీరింగు కూడా బరువెక్కుతుంది. రెండవది, తాళము తీసివేసి లాగితే స్టీరింగు లాకు పడుతుంది. మలుపులో చక్రము తిరగదు. కాబట్టి తాళము పెట్టి, లాకు విడిచేంత వరకు తిప్పి ఉంచాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. హ్యాండ్ బ్రేకు విడిచి ఉండాలి.

ఆటోమేటిక్ గేరు ఉన్న కార్లను, నాలుగు చక్రములూ తిరిగే జీపులను ఇలా లాగనే కూడదు. గేరుపెట్టె పాడైపోతుంది. వాటిని ఎత్తి తేవలసినదే.

బరువు సంగతి కూడా ఉన్నది. మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. అంబాసిడర్ 1,100 కిలోల పైమాట. ఆటోతో, మోటారు సైకిలుతో లాగుదామనుకొనేవారు ఈ అంకెలు గుర్తు పెట్టుకోవాలి. ట్రాక్టరుకు బలమున్నది గాని దాని కుదుపు చిన్న కారు ఓర్చుకోలేదు. ఎద్దును గాడిదను ఒకే కాడికి పూన్చవద్దని మోషే ధర్మశాస్త్రములో ఎందుకున్నదో రైతులైన మీకు నేను చెప్పనక్కరలేదు. బలములో, నడకలో పొత్తు లేని జంట రెండింటికీ బాధే.

చట్టము ఏమంటున్నది?

1989 నాటి రోడ్డు నియమములలోనే ఈ సంగతి వివరముగా ఉన్నది. లాగబడే బండిలో లైసెన్సు ఉన్నవాడు కూర్చోవాలి. రెండు బండ్ల నడుమ దూరము 5 మీటర్లు మించకూడదు. తాడు అందరికీ కనబడేలా గుర్తు కట్టాలి. లాగబడే బండి వెనుక తెల్లని పలక మీద నల్లని అక్షరములతో లాగబడుచున్న బండి అని తెలిపే ‘ఆన్ టో’ అనే మాట వ్రాసి ఉంచాలి. వేగము గంటకు 24 కిలోమీటర్లు మించకూడదు. ఆ నియమముల స్థానములో 2017లో కొత్త డ్రైవింగు నియమములు వచ్చాయి. వాటి ప్రకారము చెడిపోయిన బండిని బాగుచేసే దగ్గరి చోటు వరకే లాగాలి. అంటే 50 కిలోమీటర్లు తాడుతో లాగుట ప్రమాదము మాత్రమే కాదు, చట్ట విరుద్ధము కూడా. రాత్రి వేళ పోలీసువారు చూడకపోవచ్చును. మన దేవుడు కునుకని దేవుడు గదా.

తక్కువ దూరమైనా తప్పక లాగవలసి వస్తే ఇవి పాటించండి. తాడు కంటే ఇనుప రాడ్డు మేలు. అది లాగుతుంది, దూరమును కూడా నిలుపుతుంది. తాడే అయితే గట్టి నైలాను తాడు వాడండి. కొబ్బరి తాడు, ముడులు వేసిన పాత తాడు, బావి గొలుసు పనికిరావు. బంపరుకు గాని స్టీరింగు కడ్డీలకు గాని కట్టకూడదు. బండి అడుగున లాగుటకే అమర్చిన కొక్కెము ఉంటుంది, దానికే కట్టాలి. తాడు నడుమ ఎర్రగుడ్డ కట్టండి. మన రోడ్ల మీద రెండు బండ్ల మధ్య సందు కనబడితే సైకిలు, మోటారు సైకిలు దూరిపోతాయి. తాడు వారికి కనబడదు. ఆ మెడ ఎవరి బిడ్డదో!

బయలుదేరేటప్పుడు తాడు దగ్గర ఎవరూ నిలువకూడదు. తెగితే కొరడాలాగా కొడుతుంది. వెనుక కారులో డ్రైవరు తప్ప మరెవరూ, ముఖ్యముగా పిల్లలు, ఎక్కకూడదు. బయలుదేరక ముందే బ్రేకు చూడాలి. బ్రేకు లేని బండిని తాడుతో కదల్చనే కూడదు. రాత్రి వద్దు, వర్షములో వద్దు, ఘాట్ రోడ్డులో అసలే వద్దు. గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం మీదుగా పోయే జాతీయ రహదారి మీద పోర్టు కంటైనర్లు, ఉక్కు మోసే పెద్ద ట్రెయిలర్లు నడుస్తాయి. 24 కిలోమీటర్ల వేగముతో వాటి మధ్యలో తాడు కట్టిన బండి నడిపించుట సాహసము కాదు, ప్రభువును శోధించుటయే.

తక్కువ ఖర్చుతో ఎత్తి తెచ్చుట

మరి బీదవారు ఏమి చేయాలి? మార్గములున్నాయి.

మొదటిది, లాగుట కంటే బాగుచేసి నడుపుకొని వచ్చుట చాలాసార్లు చవక. మంచి బ్యాటరీ, కొత్త పెట్రోలు, బ్రేకుల పని, రెండు టైర్లు. కాగితములు సరిగా ఉంటే ఒక మెకానిక్కును ఒక రోజు కూలికి తెచ్చుకొని చూపించండి. కొనక ముందే చూపిస్తే ఇంకా మేలు.

రెండవది, తిరుగు బండి. పట్టణములో సరుకు దింపి ఖాళీగా ఊరి వైపు వెళ్లే లారీ గాని డీసీఎం వ్యాను గాని పూర్తి బాడుగ అడగదు. నాలుగు రోజులు ఓపిక పట్టాలి, అంతే. ఎక్కించుటకు, దించుటకు మాత్రము లారీ బల్ల ఎత్తుకు సమానమైన గట్టు ఉండాలి. చెక్క పలకల మీద తోయడము ప్రమాదము.

మూడవది, బల్ల వాలే రికవరీ వ్యాను. ఖర్చు కొంచెము ఎక్కువ గాని ఎక్కించుట సులువు. రెండు మూడు చోట్ల ధర అడగండి. కిలోమీటరుకు ఎంత, తిరుగు ప్రయాణము కలుపుతారా, టోలు ఎవరిది, ఆగిన గంటకు ఎంత, ఈ నాలుగు ముందే తేల్చుకొని కాగితము మీద వ్రాయించుకోండి. అమ్మినవారి ఇన్సూరెన్సు పాలసీలో దారిలో సహాయము చేసే వసతి ఉన్నదేమో, అది మీకు వర్తిస్తుందేమో కంపెనీని అడగండి. ఎక్కించిన తరువాత నాలుగు చక్రములకు పట్టీలు బిగించాలి, చక్రముల క్రింద దిమ్మలు పెట్టాలి, గేరులో వేసి హ్యాండ్ బ్రేకు లాగాలి.

పైన చెప్పిన కుటుంబము బ్రేకులు బాగు చేయించుకొన్నారు. ఇంజను పనికి ఆ నెల డబ్బు చాలలేదు. నాలుగు రోజులు ఆగి, ఇటుకలు దింపి ఖాళీగా వెళ్లే లారీలో కారు ఎక్కించుకొన్నారు. రంగు వేయించుట, సీట్ల కవర్లు వచ్చే పంట వరకు వాయిదా వేసుకొన్నారు. వారికి తక్కువైనది రంగు మాత్రమే.

మన పట్టణము నేర్పే పాఠము

విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని మీలో అనేకులు చూచి ఉంటారు. 1969 డిసెంబరులో మన నౌకాదళములో చేరి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి పొందినది. సముద్రములో వేల మైళ్లు తన శక్తితో తిరిగిన ఆ ఓడను రామకృష్ణా బీచ్ ఒడ్డుకు లాగి నిలుపుటకు సుమారు 18 నెలలు, సుమారు 5.5 కోట్ల రూపాయలు పట్టినవి. 2002 ఆగస్టులో ప్రజలు చూచుటకు తెరిచారు. సముద్రములో తిరిగినంత కాలము ఒక ఎత్తు, ఆ చివరి కొంత దూరము ఒక ఎత్తు. నౌకాదళమునకు తాళ్లు లేకనా? చివరి దూరమును తేలికగా ఎంచలేదు, అంతే. పోర్టులోనికి వచ్చే పెద్ద ఓడలను చూడండి. వాటికి సొంత ఇంజను ఉన్నా, డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కన ఉన్న ఇరుకు కాలువలోకి వచ్చేటప్పుడు దారి తెలిసిన పైలట్ ఎక్కుతాడు, చిన్న టగ్గు పడవలు తోడు నిలుస్తాయి. ఇంటి దగ్గరి దారిలోనే ఎక్కువ జాగ్రత్త.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఒక చిన్న మాట ఉన్నది, మనము చదువుతూ దాటిపోతాము. పౌలు ఎక్కిన ఓడ వెనుక ఒక చిన్న పడవ ఉన్నది. గాలి పెరిగి తుపాను పట్టినప్పుడు నావికులు ఏమి చేశారు? దానిని తాడుకు వదిలివేయలేదు. ఒక దీవి చాటున ఎంతో ప్రయాసపడి ఓడ మీదికి ఎత్తుకొన్నారు. లాగవలసిన సమయము వేరు, ఎత్తుకోవలసిన సమయము వేరు అని ఆ నావికులకు తెలుసు.

ప్రియులారా, మన ఇండ్లలో కూడా ఇంతే. పిల్లలను మనము లాగుతూ ఉంటాము. చదువులోనికి, ఉద్యోగములోనికి, మందిరమునకు. లాగుట మన బాధ్యతే. కాని మన తాడు వారిని ఆపలేదు. ఆపుకొనే శక్తి, ఆశానిగ్రహము, వారి కాలి క్రిందనే ఉండాలి. దానిని నేర్పకుండా వేగముగా లాగితే మొదటి అడ్డంకి దగ్గరనే దెబ్బ తగులుతుంది. ఇంకొందరున్నారు. నిన్నమొన్న త్రాగుడు మానినవాడు, అప్పులలో మునిగిన విధవరాలు, కుమారుని పోగొట్టుకొన్న తండ్రి. వారికి బ్రేకు లేదు, ఇంజను లేదు. వారిని “రండి, రండి” అని తాడు వేసి లాగవద్దు. ఎత్తుకోవాలి. దానికి ఖర్చు అవుతుంది, సమయము పడుతుంది. నాలుగు రోజులు ఆగవలసి వస్తుంది.

తప్పిపోయిన గొఱ్ఱె దొరికినప్పుడు ఆ కాపరి దాని మెడకు తాడు వేసి ఈడ్చుకొని రాలేదు. భుజముల మీద వేసికొని, సంతోషముతో ఇంటికి తెచ్చాడు. మనము ఇంటికి చేరుచున్నది కూడా ఆ భుజముల మీదనే.

కాబట్టి ఈ నెల మీ ఇంటిలో ఏ ఏర్పాటు చేసుకొన్నా, బండి విషయమైనా బిడ్డల విషయమైనా, ఆ తల్లి అడిగిన ప్రశ్న ముందు అడగండి: వెనుక ఎవరు కూర్చుంటారు? మన పొదుపు వారి ప్రాణము మీదికి రాకూడదు.

ప్రార్థన: కృపగల తండ్రీ, మా చేతిలో ఉన్న కొంచెమును బుద్ధితో ఖర్చు చేయుటకు మాకు నేర్పుము. తొందరపాటు నుండి మమ్మును తప్పించుము. మా వెనుక వచ్చువారి క్షేమమును మా లాభము కంటే ఎక్కువగా ఎంచు హృదయము దయచేయుము. దారిలో ఉన్న మా బిడ్డలందరినీ క్షేమముగా ఇల్లు చేర్చుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.